బాయిలర్ పగిలిన రోజు

పొద్దున్న ఆరింటికే హోటల్ లాండ్రీలో బాయిలర్ పగిలింది.
నేలంతా వేడినీళ్లు.
సూపర్‌వైజర్ చేతులెత్తేసి
"పో వెల్డా, ఇవాళ్టికి ఊరు చూసుకో" అన్నాడు ఎగతాళికి.

ఇరవై రెండేళ్లుగా
ఈ ఊరు చూడ్డానికొచ్చిన వాళ్ల దుప్పట్లు ఉతుకుతున్నాను.
చార్ల్‌స్టన్‌లో ఎవరేం చేశారో నాకు మరకలే చెబుతాయి:
రొయ్యల పులుసు, ఎర్రసారా, దిబ్బల ఇసుక,
ఒక్కోసారి ఏడ్చిన కాటుక.
నేను మాత్రం ఊరిని చూసింది బస్సు కిటికీలోంచే,
అదీ నిద్రమత్తులో, అద్దం తుడుచుకున్న మేరకు.

సరే, చూద్దాం అనుకున్నాను.
అనుకున్నాక కాస్త బెరుగ్గానూ ఉంది,
సొంత వంటింట్లో చుట్టంలా కూర్చోబోతున్నట్టు.

ముందు బజారు. ఇటుక కమానుల కింద
గడ్డిబుట్టలల్లే మా పిన్ని కూతురు ఫ్లోరీన్
చలవద్దాల వెనక నన్ను పోల్చుకోలేదు.
"మూడు వారాల పనమ్మా, తొంభై డాలర్లు."
"నలభైకిస్తావా?" ముక్కుతో అన్నాను, దొరసానిలా.
దాని మొహంలో నవ్వు అలాగే ఉంది,
వెనకాల మనిషే లేచి వెళ్లిపోయింది.
ఆ మొహం నాకెప్పుడూ చూపించలేదది.
అద్దాలు తీశాక అది తిట్టిన తిట్లు
పక్క కొట్ల వాళ్లు అల్లిక ఆపి మరీ విన్నారు.
తర్వాత తన డబ్బాలోంచి
ఎర్ర అలసందల అన్నం సగం పెట్టింది.

బండి సవారీ నలభై ఎనిమిది డాలర్లు,
అంటే మూడున్నర గంటల నా ఇస్త్రీ.
ఏ వీధికెళ్లాలో తోలేవాడి చేతిలో లేదట.
ఓ చిన్న గూట్లో గోళీలు తిరుగుతాయి,
ఏ రంగు రాలితే ఆ దారి.
చరిత్రలో ఏ ముక్క మన చెవిన పడాలో
లాటరీలో తేలుతుందన్నమాట.
మాకు ఆకుపచ్చ పడింది.

కంచరగాడిద పేరు డీకన్.
తోలే కుర్రాడు ఒహాయో నుంచి వచ్చి ఎనిమిది నెలలైంది.
పక్కన మిన్నెసోటా దంపతులు.
"మీరెక్కడి నుంచి?"
"ఇక్కడి నుంచే."
"అది కాదు, ఇక్కడికి ఎలా వచ్చారు అని."
"బస్సులో. గంటంబావు."

కుర్రాడు గోడల్లో ఇనుప చీలలు చూపించాడు,
భూకంపం తర్వాత ఇళ్లకి వేసిన కుట్లు.
వరండా కప్పులకి లేత నీలం చూపించాడు,
దయ్యాలు నీళ్లనుకుని దాటవని.
మా అమ్మమ్మ మిగిలిన రంగు అడిగి తెచ్చి
కిటికీ చట్రాలకి పూసిన నీలమే అది.
ఇక్కడ దానికి పేరుంది, నంబరుంది, డబ్బాకింతని ధరుంది.
'బానిసలు' అనే చోట గొంతు తగ్గించాడు పాపం,
నా వైపు చూడకుండా డీకన్ చెవులు చూశాడు.
డీకన్ ఆ మాటకే ఆగినట్టు ఆగి
నడివీధిలో ధారగా పోసింది.
కుర్రాడు దిగి ఓ చిన్న జెండా వేశాడు,
నీళ్లబండి వచ్చి కడిగే చోటుకి గుర్తు.
ఈ ఊళ్లో దేనికైనా
ఇంత వెంటనే గుర్తు పెట్టడం నేనెరగను.
పకాలున నవ్వాను. మిన్నెసోటా ఆవిడ కూడా నవ్వింది,
ఎందుకో తెలియకుండానే.

దిగాక నడిచాను, దారీతెన్నూ లేకుండా.
సందులో గోడకి సున్నం కూరుతున్న ముసలాయన
నా చూపుకి అడ్డం జరిగి
"ఇటు చూడు" అన్నాడు.
ఇటుకలో మూడు గుంటలు.
"చూపుడువేలు కాదమ్మా, చిటికెనవేలు పెట్టు.
పచ్చి ఇటుకని ఎండకి తిప్పింది పిల్లలే."
నా చిటికెనవేలూ సగమే పట్టింది.
డ్రయ్యర్లోంచి అప్పుడే తీసిన దుప్పటంత వేడి.
"ఎవరో?" అన్నాను.
"ఆరేడేళ్లుంటాయి" అన్నాడు.
నేనడిగింది వయసు కాదు.
ఆయనకీ తెలుసు. మళ్లీ సున్నంలోకి వంగాడు.

ఫోన్ మోగింది: బాయిలర్ బాగైంది,
రేపు నాలుగింటికే రా, గుట్టలు పడింది.
మిన్నెసోటా వాళ్లు దిగింది మా హోటల్లోనేనట.
ఎల్లుండికల్లా వాళ్ల పడక నా చేతిలో ఉంటుంది.

తిరుగు బస్సులో కిటికీ పక్కనే సీటు.
అద్దం తుడవలేదు.
వేలికి ఎర్రదుమ్ము.
ఒక్క ఉతుక్కి పోయేదే,
నాకు తెలియనిదా.
ఈ రాత్రికి ఉండనీ.